ఆరు రెట్ల కుందేలు

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా వాళ్ళంతా అంటారు. ఉండక ఏం చేస్తుంది? మా బావలాంటి మనిషికి బామ్మర్దిగా ఒక జన్మ గడిపి చూడండి, మీకూ ఉంటుంది. ఆయన తుపాకికి దుర్బిణి బిగించుకున్న కథ ఎప్పుడు చెప్పబోయినా నాకు ముందు కోపమొస్తుంది, తర్వాత నవ్వొస్తుంది, చివర్లో కండ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సొస్తుంది. అందుకే కోపంగా ఉన్నప్పుడే మొదలుపెట్టేస్తున్నాను.

జర్మనీవాళ్ళతో రెండో యుద్ధం ఇంకా రాలేదు. నేను కడపలో ఒక పెద్ద ప్లీడరు దగ్గర జూనియరుగా ఉన్నాను. మా అక్కనిచ్చింది రాయచోటికి అవతల, కొండల కింద ఉండే పల్లెకు. బావకు చేన్లున్నాయి, ఎడ్లున్నాయి, వెనకాముందు తిరిగే మనుషులున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఊళ్ళో ఆయన ఇంటికి మొదటి తూటా ఉంది.

మొదటి తూటా అంటే చెప్పాలి. ఉగాది మర్నాడు ఆ ఊళ్ళో పారువేట. చెన్నకేశవస్వామిని పల్లకిలో ఊరి బయట గుట్ట కిందికి తీసుకుపోతారు. ముందురోజు వలేసి పట్టిన కుందేలును గంపలో తెచ్చి, దానికి పసుపూ కుంకుమా పెట్టి, పల్లకి ముందర వదులుతారు. అది గుట్ట వైపు ఉరుకుతుంది. దాని మీద మొదటి తూటా కాల్చే హక్కు మా బావ వాళ్ళ ఇంటిది, తాతల నాటి నుంచి. తూటా తగిలితే ఊరంతా ఈలలేసుకుంటూ కర్రలూ కుక్కలతో అడవిలోకి వేటకు పోతారు. తగలకపోతే కూడా పోతారు, కానీ తలకాయలు వేలాడేసుకుని. ఆ సంవత్సరం ఎవరి మేకకు కడుపు పోయినా, ఎవరి బావిలో నీళ్ళు తగ్గినా, "అది తప్పింది గదా, ఇంకెట్లయితాది" అని మా బావ గడప వైపు చూస్తారు.

వరసగా మూడేండ్లు తప్పితే పూజారి తాంబూలమిచ్చి ఆ హక్కును పక్కింటికి అప్పగిస్తాడు. పక్కింటాయన మా బావకు చిన్నాయన కొడుకు, దాయాది. ఇద్దరి చేన్ల మధ్య ఒక గట్టు ఉంది. ఆ గట్టు మీద తగాదా వచ్చి ఇద్దరూ ఎన్నో ఏండ్లుగా మాట్లాడుకోవడం మానేసినారు. ఆ దాయాది ఎప్పుడు బయటికొచ్చినా పెద్ద కొడుకు భుజం మీద చెయ్యేసుకుని, తల పైకెత్తి, నెమ్మదిగా నడిచేవాడు. "చూడు ఆయన దర్జా! మహారాజు వస్తాండాడు!" అని మా బావ పళ్ళు కొరికేవాడు.

ఇంక అసలు సంగతి. మా బావకు చూపు మందగించింది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనొక్కడికి తప్ప. ఒకసారి సంతలో ఎవరిదో దున్నపోతును చూసి "ఏమప్పా, ఎప్పుడొచ్చినావు?" అని పలకరించినాడు. పక్కనున్నవాళ్ళు నవ్వితే, దున్నపోతు యజమానినే అడిగినానని దబాయించినాడు. కండ్లద్దాలు పెట్టుకో బావా అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసేవాడు.

"కండ్లద్దాలు నీ మాదిరి కాగితాలు నమిలేటోల్లకురా. తుపాకి పట్టినోడు అద్దాలు పెట్టుకుంటే అడివిపందులు గూడా నవ్వుతాయి."

తాతల నాటి గొట్టపు తుపాకి ఉన్నన్నాళ్ళు ఈ చూపు సంగతి ఎవరికీ పట్టలేదు. అందులో దోసెడు రవ్వలు పోసి పేలిస్తే కుందేలే కాదు, కుందేలున్న పొద కూడా పడిపోయేది. ఆ గొట్టం పగిలిపోయింది. బావ సర్కారు దగ్గర లైసెన్సు సంపాదించి, పందులు చెనిక్కాయ చేన్లు తింటున్నాయని చెప్పి, మంచి రైఫిలు కొన్నాడు. రైఫిలుకు ఒకటే తూటా. ఎక్కడ చూస్తే అక్కడికి పోతుంది. చూడాలి గదా మరి! మొదటి ఏడు తప్పింది, గాలి అన్నాడు. రెండో ఏడు తప్పింది, తూటాలు చేసినోడు దొంగ అన్నాడు. మూడో ఉగాది ముందర నిలబడింది. ఆ చలికాలమంతా మా బావకు నిద్ర పట్టలేదని, మంచంలో లేచి కూర్చుని చేతులతో తుపాకి పట్టినట్టు పట్టి చూసుకుంటాడని అక్క నాతో చెప్పి కండ్లు ఒత్తుకుంది. నవ్వులాటకు కాదు, ఆయనకు అది తాతలిచ్చిన తలపాగా. అది తన తల మీద నుంచి జారిపోతే ఊళ్ళో తల ఎత్తుకోలేడు.

అట్లాంటి సమయంలో ఎవరో దొర ఆ కొండల్లోకి వేటకొచ్చినాడు. ఆ దొర తుపాకికి పైన ఒక గొట్టం బిగించి ఉంది. బావను మర్యాదకు పిలిచి అందులో చూడమన్నాడట. అంతే, మనిషి మారిపోయి కడపకు వచ్చి నా గుమ్మంలో నిలబడినాడు.

"మేక గడ్డం కనపడిందిరా!" అన్నాడు.

"ఏ మేక బావా?"

"కొండ మీద మేకరా! ఈడ నిలబడి చూస్తే గడ్డం గూడా కనపడింది. గడ్డంలో ముల్లు గూడా కనపడింది. లెయ్, మద్రాసుకు పోదాం."

ఇంగ్లీషు వస్తుంది కాబట్టి నేను, సొమ్ముంది కాబట్టి ఆయన, ఇద్దరం రైఫిలు గోనెలో చుట్టుకుని మెయిలెక్కి మద్రాసు పోయినాం. స్టేషన్లో దిగుతూనే బావ ఇత్తడి బొత్తాల కోటు తొడుక్కున్న హోటలు నౌకరును చూసి కలెక్టరనుకుని రెండు చేతులెత్తి దండం పెట్టినాడు. వాడు కూడా మర్యాదస్తుడు, తిరిగి పెట్టినాడు. కోపం దాచుకున్నాను, ముందు ఇంకా అవసరం పడుతుందని తెలుసు.

మౌంటు రోడ్డులో తుపాకులమ్మే అంగడి. అద్దాల బీరువాలు, లోపల మెడకు టై కట్టుకున్న గుమాస్తా ఒకడు. వాడు ఇంగ్లీషులో చెప్తాడు, నేను తెలుగులో చెప్తాను, బావ రాయచోటి భాషలో అరుస్తాడు. గుమాస్తా మూడు దుర్బిణిలు బల్ల మీద పెట్టినాడు. ఒకటి ఎప్పుడూ ఒకే మాదిరి, రెండున్నర రెట్లు పెద్దగా చూపేది. రెండోదానికి నడుమ ఒక గరుకు పట్టీ ఉంది, అది తిప్పితే ఒకటి నుంచి నాలుగు రెట్ల దాకా. మూడోదీ అట్లాంటిదే, ఒకటి నుంచి ఆరు రెట్ల దాకా.

గుమాస్తా మంచివాడు, ఓపికగా వివరించినాడు. తక్కువ రెట్లలో పెడితే వెడల్పుగా కనపడుతుంది, దగ్గరలో ఉరికే జంతువును వెతుక్కోవడం సులువు. ఎక్కువ రెట్లలో పెడితే దూరానిది దగ్గరికొస్తుంది కానీ సందులోంచి తొంగిచూసినట్టు ఇంతే కనపడుతుంది, చేతి వణుకు కూడా పెద్దదవుతుంది, పొద్దు వాలితే మసకవుతుంది. ఇంతకీ మీ బావగారు ఏం కొడతాడు, ఎంత దూరంలో కొడతాడు అని అడిగినాడు. నేను కుందేలు అన్నాను, పల్లకి ముందర వదులుతారన్నాను, దూరం చేత్తో చూపించినాను. వాడు ఆ చేతి వైపూ, ఆ రైఫిలు వైపూ చూసి, మూడో దుర్బిణిని పక్కకు జరిపినాడు. తర్వాత, ఆ దూరానికి ఒక్క రెట్టే చాలు, అసలు దుర్బిణే అక్కరలేదేమో అన్నాడు. ఈ ఆఖరి మాట నేను తెలుగు చెయ్యలేదు.

"బావా, నాలుగు రెట్లది తీసుకో. తేలిక. నీ పనికి అదే శానా ఎక్కువ."

"నాలుగా?" అన్నాడు బావ. "నాలుగెడ్ల మడక యాడ, ఆరెడ్ల మడక యాడ! ఆరుదియ్యమను. పది ఉంటే పదిదియ్యమను."

"దగ్గరలో ఉరికే కుందేలుకు ఆరెందుకు బావా! నిండా వెంట్రుకలే కనపడ్తాయి!"

"కనపడనీ! రెండేండ్లుగా వెంట్రుక గూడా కనపడల్యా నాకు!" అని అరిచినాడు. అంగట్లో అందరూ తిరిగి చూసినారు. ఆ ఒక్క మాటా నోరు జారి అన్నాడు. వెంటనే మీసం సర్దుకుని బీరువాలోకి చూస్తూ నిలబడినాడు. నేను ఇంక నాలుగు మాట ఎత్తలేదు.

ఆరు రెట్లదాన్ని వాకిట్లోకి తెచ్చి చూడమని గుమాస్తా ఇచ్చినాడు. కంటి దగ్గరి కొసను అటూ ఇటూ తిప్పి బావ చూపుకు సరిచేసినాడు. అది చేసే పని కండ్లద్దాల పనే, కానీ తుపాకి పెట్టుకున్న అద్దం గనుక బావకు అభ్యంతరం లేకపోయింది. పట్టీ ఆరుకు తిప్పి రోడ్డు వైపు చూసినాడు. దూరంగా ట్రాము వస్తోంది. "జరుగురా, తొక్కేస్తాది!" అని ఒక్క కేక పెట్టి, నన్ను లాక్కుని వెనక్కి దూకి, అద్దాల బీరువాకు వీపు ఆనించి నిలబడినాడు. ట్రాము ఇంకా ఎక్కడో ఉంది. అద్దం పగల్లేదు, చెన్నకేశవుడి దయ.

ఆపైన బేరం. మా బావ బేరమంటే ఎడ్ల సంతలో నేర్చినదే. భుజం మీది తువ్వాలు తీసి గుమాస్తా చేతి మీద కప్పి, దాని కింద వాడి వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో అట్లనే, ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర, పక్కవాడికి తెలియకుండా. ఆ టై గుమాస్తాకు ఇదంతా ఏం తెలుసు? వాడు కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు. బావ వదలడు. ఇద్దరూ తువ్వాలు కింద కాసేపు పెనుగులాడినారు. "దలాలీ తెలీనోన్ని అంగట్లో ఎందుకు పెట్టుకున్నారో!" అని బావ విసుక్కుని, చివరికి వాళ్ళు చెప్పిన ధరకే కొన్నాడు.

ఊరికి పోతూనే అక్క వాకిట్లో నిలబడి ఆ గొట్టాన్ని చూసింది.

"కండ్ల డాక్టరు దగ్గరికి పోయిరా అంటే, మద్రాసు పోయి గొట్టం కొనుక్కొచ్చినావా?"

"నీకేం తెల్సు? ఇది జర్మనీది."

"జర్మనీ కన్ను పెట్టుకుంటావు, కండ్లద్దాలు మాత్రం పెట్టుకోవు! నీ మొండితనానికి నా ఒక్క పుట్టుక చాలదయ్యా!" అని లోపలికి పోయింది. నిజానికి ఆమె కండ్లలో భయముంది. ఉగాది దగ్గరికొచ్చేసింది.

రైఫిలుకు దుర్బిణి బిగించి, ఊరందరికీ చూపించినాడు. ఒక ముసలవ్వ గుట్ట మీది గుడి చూసి, దేవుడు ఇంటికొచ్చినాడని చెంపలేసుకుంది. గొర్రెలాయన ఒకడు కొండ మీది తన మందను చూసి, "ఏయ్, అటు పోవద్దు! తిరుగు! తిరుగు!" అని మా వాకిట్లోంచి అరిచినాడు. గొర్రెలు వినలేదని వాటి మీద అలిగినాడు. ఇంకొకాయన తుపాకి నుంచి ఊడదీసినప్పుడు దుర్బిణిని తిరగేసి చూసి, తన ఇల్లు అగ్గిపెట్టెంత కనపడేసరికి, "అన్నదమ్ముల భాగాల్లో నాకు ఇంతే ఇచ్చినారా!" అని అక్కడే కూలబడినాడు. దాయాది ఇంటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

బావకు నేను రోజూ పాఠం చెప్పేవాణ్ణి. దగ్గరిదైతే పట్టీ ఒకటికి తిప్పు, దూరానిదైతే ఆరుకు తిప్పు. కన్ను గొట్టానికి అంటించొద్దు, జానెడు కాకపోయినా బెత్తెడన్నా ఎడం ఉంచు. బావ మొదటిది విన్నాడు, రెండోది వినలేదు. మొదటిసారి పేల్చగానే గొట్టం వెనక్కి వచ్చి కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీసింది. అక్క పసుపు అద్దుతూ, "రెండో పక్క గూడా గీయించుకో, జోడీ అవుతాది" అంది. అంటూనే నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదింది. వంటింట్లో చెంబులు కడుగుతూ ఆమె కూడా నా పాఠం వల్లించేది: దగ్గరికి ఒకటి, దూరానికి ఆరు.

నిజం చెప్పొద్దూ, ఆ గొట్టం పని చేసింది. పట్టీ ఒకటి మీద పెడితే, దగ్గరలో గోడ మీద పెట్టిన ముంతను బావ పేల్చినాడు. మళ్ళీ పెడితే మళ్ళీ పేల్చినాడు. ముంతలన్నీ అయిపోతున్నాయని అక్క తిట్టేదాకా పేల్చినాడు. ఆ రాత్రి ఆయన కడుపు నిండా తిని, గురక పెట్టి నిద్రపోయినాడట. నాకు కూడా ధైర్యం వచ్చింది. ఈ ఏడు కుందేలు పని అయిపోయినట్టే అనుకున్నాను.

పారువేట పొద్దున తలకు స్నానం చేసి, కొత్త పంచె కట్టి, బావ మిద్దె మీదికెక్కి తుపాకి ఎత్తి చూసినాడు. పట్టీ ఆరుకు తిప్పి, దాయాది ఇంటి మిద్దెను చూసినాడు. "వాళ్ళింట్లో గూడా కొత్త పంచెలు కట్టినారురా. తాంబూలం తీసుకునేకి తయారుగా ఉండారు" అన్నాడు. గబగబా దిగి గుడికి పోయినాడు. పట్టీ ఆరు మీదే ఉండిపోయింది.

గుడిలో వేటకు పోయే ఆయుధాలన్నిటికీ పూజ. పూజారి కర్రలకూ, ఈటెలకూ, తుపాకికీ గంధం పూసి, కుంకుమ పెట్టి, పసుపుతాడుతో కంకణం కడతాడు. కడితే మళ్ళీ స్వామి గుడికి తిరిగి వచ్చేదాకా ఎవరూ దాన్ని విప్పకూడదు. ఎప్పుడూ తుపాకి గొట్టానికి కట్టేవాడు. ఈసారి దుర్బిణి నడుమ ఆ గరుకు పట్టీని చూసి పూజారి మురిసిపోయినాడు. కంకణం జారిపోకుండా గరుకుగా, గుండ్రంగా, ఎవరో కంకణం కోసమే చేసిపెట్టినట్టుంది. మంత్రం చదువుతూ తడి పసుపుతాడును దాని చుట్టూ, అటు గొట్టం మీదికీ, ఇటు గొట్టం మీదికీ, అడ్డంగా నిలువుగా బిగించి, పసుపుకొమ్ము కట్టి, ముడి మీద ముడి వేసినాడు. నేను బయట చెప్పులు కాపలా కాస్తున్నాను. మద్రాసు చెప్పులు పోతాయని భయం నాకు.

గుట్ట కింద పల్లకి నిలిచింది. పల్లకికి ఒకపక్క ఊరు, ఇంకొకపక్క దాయాది ఇంటివాళ్ళు. ఆడవాళ్ళు ఊళ్ళోనే మిద్దెల మీదికెక్కి చూస్తున్నారు. కుందేలు గంప తెచ్చినారు. తప్పెట్లు ఆగినాయి. నేను బావ పక్కన నిలబడి మెల్లగా, "బావా, పట్టీ ఒకటికి తిప్పుకో" అన్నాను.

బావ తిప్పినాడు. తిరగలేదు. మళ్ళీ తిప్పినాడు.

"రేయ్, తిరగడంల్యా."

వంగి చూసినాను. పసుపుతాడు ఎండకు ఎండి కట్టెలాగా బిగుసుకుపోయి ఉంది. పట్టీ ఆరు మీద, దాని మీద కంకణం, కంకణం మీద పసుపుకొమ్ము.

"విప్పుతా ఉండు" అని వేలు పెట్టినాను.

"అబ్బీ!" అని పూజారి అరిచిన అరుపుకు పల్లకి మోసేవాళ్ళు కూడా ఉలిక్కిపడినారు. "కంకణం విప్పుతావా? ఊరిని ఏం చెయ్యాలనుకున్నావు?"

"గొట్టమే ఊడదీద్దాం" అన్నాను. మరలు తీసే పనిముట్టు ఇంట్లో గూట్లో ఉంది.

గంప ఎత్తేసినారు.

ప్రతి ఏడూ కుందేలు ఉరుకుతుంది. ఆ ఏడు కుందేలు ఉరకలేదు! బయటికొచ్చి, చెవులెత్తి, మా ముందర, మట్టిలో కూర్చుంది. రాయి వేస్తే తగిలేంత దూరం. చిన్న పిల్లోడైనా కొడతాడు. బావ రైఫిలు ఎత్తి గొట్టంలో చూసినాడు. ఆరు రెట్లలో ఆయనకేం కనపడుతుంది? ఒక గడ్డిపరక, తాటిచెట్టంత. పక్కకు జరిపినాడు. ఒక రాయి, మిద్దెంత. కుందేలు కోసం అటు జరిపినాడు, ఇటు జరిపినాడు.

"యాడుండాదిరా?"

"ఎదురుగా బావా! ఎదురుగా!"

"ఎదురుగా గోడ కనపడ్తాండాది!"

"అది గోడ కాదు, చెద పుట్ట! కొంచెం ఎడమకు!"

ఎడమకు అన్నానే కానీ, ఎంత ఎడమకు అని చెప్పలేదు. తుపాకి గొట్టం జనం వైపు తిరిగింది. ఎడమ పక్కవాళ్ళంతా ఒక్కసారి సాష్టాంగం పడిపోయినారు. "కుడికి! కుడికి!" అన్నాను. కుడి పక్కవాళ్ళు పడినారు, ఎడమవాళ్ళు లేచినారు. కరణం పైపంచె నెత్తిన కప్పుకున్నాడు, అది తూటాను ఆపుతుందన్నట్టు. కుందేలు ఇదంతా చూస్తూ ముక్కు కదిలిస్తోంది. నాకు నవ్వు రాలేదు. బావ నుదుటి మీద చెమట కారి ఆ అర్ధచంద్రం మచ్చలోకి దిగుతోంది.

చివరికి గుట్ట వైపు తిప్పి పేల్చినాడు. ఎక్కడో రాయి పగిలింది. కుందేలు ఎగిరి, గుట్ట వైపు పోవాల్సింది పోయి, నేరుగా వచ్చి పల్లకి కింద దూరింది.

దేవుడి నీడలో దూరినదాన్ని ఎవరూ ముట్టకూడదు. పల్లకివాళ్ళు దించలేక, కదల్లేక, కాళ్ళు ఎడం చేసుకుని నిలబడినారు. జనం లేచి మట్టి దులుపుకున్నారు. బావ తుపాకి కిందికి దించి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన్ను అట్లా బోడి తలతో నలుగురిలో చూడడం నాకు అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, పూజారిని కొట్టాలనిపించింది.

పూజారి గొంతు సవరించుకుని, "మూడేండ్లయింది. వాడుక ప్రకారం తాంబూలం ఇంక ఆ ఇంటిది" అని దాయాదిని పిలిచినాడు.

దాయాది పెద్ద కొడుకు అప్పటికే కుక్కల్ని పట్టుకునేకి పోయినాడు. ఆయన ఒంటరిగా నడిచి వచ్చినాడు, తల పైకెత్తుకుని, నెమ్మదిగా. వచ్చి, వచ్చి, తాంబూలం పళ్ళెం పట్టుకున్న పూజారిని దాటిపోయి, తప్పెటాయన ముందర నిలబడి, వంగి, భక్తితో రెండు చేతులూ చాచినాడు. తప్పెటాయన అటూ ఇటూ చూసి, ఏం చెయ్యాలో తెలీక, చేతిలో ఉన్న పుల్ల ఆ చేతుల్లో పెట్టినాడు.

నాకు అప్పుడు వెలిగింది. ఇన్నేండ్లుగా కొడుకు భుజం మీద చెయ్యేసుకుని నడిచింది దర్జా కాదు! నేను బావ చెవిలో చెప్పినాను. "వానిగ్గూడానా!" అని బావ అరిచినాడు.

దాయాది పుల్లను తడిమి చూసుకుని, సంగతి గ్రహించి, గొంతును బట్టి మా వైపు వచ్చి బావ మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టు తగాదా తర్వాత ఆ ఇద్దరి మధ్య అదే మొదటి మాట.

"అన్నా, నన్ను కాపాడు. నాకు పల్లకే మసకగా కనపడ్తాండాది. ఆ కుందేలు యాడ కనపడ్తాది? వచ్చే ఏడు నేను పేలిస్తే ఊళ్ళో సగం మంది ఉండరు."

"మరి పొద్దున్నే కొత్త పంచెలు కట్టినారేంరా?"

"పండగ గదన్నా! నువ్వు తప్పకూడదని మా ఇంట్లో ముడుపు గూడా కట్టినాం."

బావ ఆయన్ను చూస్తూనే ఉన్నాడు. చూసినాడంటే, ఆయనకు కనపడినంత.

దాయాది ఇంక జనం వైపు తిరిగి, అంటే జనం ఉన్నారనుకున్న వైపు తిరిగి, గొంతెత్తినాడు. "ఈ తుపాకికి దేవుడి తాడు కట్టి మర బిగించినారు. కట్టేసిన ఎద్దును చేను దున్నలేదంటే ఒప్పుకుంటారా? కట్టేసిన తుపాకిది తప్పు ఎట్లయితాది? ఈ ఏడు లెక్కలోకి రాదు! కాదంటే, కట్టినోల్లే జవాబు చెప్పల్ల."

కట్టినవాడు పూజారి. ఊరంతా పూజారి వైపు తిరిగింది. ఆయన తాంబూలం పళ్ళెం చూసుకున్నాడు, పల్లకి కింద కుందేలును చూసుకున్నాడు. "స్వామి దానికి అభయమివ్వదలచి నా చేత అట్లా కట్టించినాడు" అన్నాడు. ప్లీడర్లం మేమెందుకూ పనికిరాము అనుకున్నాను నేను. జనం గొల్లున నవ్వి, ఈలలేసి, కర్రలెత్తుకుని అడవిలోకి పరుగెత్తినారు. కుందేలు తీరికగా బయటికొచ్చి గుట్ట ఎక్కిపోయింది.

మేం ముగ్గురం మిగిలినాం. అన్నదమ్ములిద్దరూ ఒక బండ మీద కూర్చుని, తూటా తీసేసిన రైఫిలును ఒడిలో పెట్టుకున్నారు. కంకణం ఇంకా విప్పకూడదు, పట్టీ ఆరు మీదే ఉంది. ముందు దాయాది చూసినాడు. నేను కంటి దగ్గరి కొస తిప్పి ఆయనకు సరిచేసినాను. చాలాసేపు తన చేను వైపు చూసినాడు.

"అన్నా, మన గట్టు ఇంతేనా?"

"ఏదీ, ఇటియ్యి." బావ తీసుకుని, కొసను మళ్ళీ తన చూపుకు తిప్పుకుని చూసినాడు. "ఆరు రెట్లలో గూడా ఇంతేనేంరా!"

ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చరుచుకుని నవ్వినారు. తర్వాత బావ గొట్టాన్ని మెల్లగా ఊరి వైపు తిప్పినాడు. మా మిద్దె మీద అక్క ఒంటరిగా నిలబడి ఉంది, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇక్కడేమైందో తెలీక. బావ అక్కడ ఆగిపోయినాడు. నవ్వు ఆగిపోయింది.

"రేయ్" అన్నాడు గొట్టంలోంచి కన్ను తియ్యకుండా. "మీ అక్కకు తల ఎప్పుడు నెరిసిందిరా?"

"శానా ఏండ్లయింది బావా."

"నల్లగానే ఉండాది గదరా! నేను రోజూ చూస్తానే ఉండా గదా!" అన్నాడు. తువ్వాలుతో గొట్టం కొసను తుడిచినాడు, మళ్ళీ చూసినాడు, మళ్ళీ తుడిచినాడు. అద్దం మీద మసక ఏమీ లేదు. నేను తల తిప్పుకున్నాను.

చాలాసేపటికి తుపాకి నా చేతికిచ్చి, "కడపలో కండ్ల డాక్టరు యాడుంటాడు?" అన్నాడు.

నేను వాళ్ళకంటే ముందు ఇంటికి పరుగెత్తి, అక్కకు అంతా చెప్పినాను. మొదటి తూటా మనదే అన్నాను, దాయాది మాట్లాడినాడు అన్నాను. ఆమె దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంది. చివరికి, బావ నిన్ను ఆ గొట్టంలోంచి చూసినాడక్కా, తల ఎప్పుడు నెరిసిందని అడిగినాడు అన్నాను.

అక్క కొంగు తల మీదికి లాక్కుని, పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

"పట్టీ ఒకటికి తిప్పుకోమను ఆ మనిషిని" అంది. "లేకుంటే ముడతలు గూడా కనపడ్తాయి."